ముద్దొచ్చే లోపాలు

సబ్బు మీద వెంట్రుక ఉంది. పొడుగ్గా, సన్నగా, ఒక కొసన మెలి తిరిగి, ఎవరో పనిగట్టుకుని అతికించినట్టు ఉంది. రచయిత్రికి దాన్ని వేలితో ముట్టుకోవాలనిపించలేదు. కాగితం ముక్క మడిచి దాంతో గీకింది. వెంట్రుక ఊడి రాకుండా సబ్బు చుట్టూ తిరిగి రెండో వైపుకి చేరింది. ఆ సబ్బుని కాగితంతో సహా చెత్తబుట్టలో పడేసి, ఒట్టి నీళ్ళతో చేతులు కడుక్కుని గదిలోకి వచ్చింది.

గదిలో ఆమె మొగుడు మంచం మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని మడమ తోలు పీకుతున్నాడు.

అది సముద్రం ఒడ్డున ఉన్న లాడ్జి. సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళ కోసం కట్టారు. కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుందని చెప్పారు. కనిపిస్తుంది, అబద్ధం కాదు. కాకపోతే ముందు లాడ్జి వంటగది వెనక మురిక్కాలవ, దాని అవతల చేపలు ఎండేసిన తడికెలు, ఆ తర్వాత సముద్రం. గాలి వీచినప్పుడల్లా ఈ మూడూ వరసగా గదిలోకి వస్తాయి. పరుపు మీద ఎవరిదో పాత మరక ఉంది. దాని మీద దుప్పటి మార్చి వేసినా అది అక్కడ ఉందన్న సంగతి వీపుకి తెలుస్తూనే ఉంటుంది. కిటికీ తెరకి వచ్చినవాడల్లా చేతులు తుడుచుకుని పోయినట్టున్నాడు, అంచులు జిడ్డోడుతూ అట్టకట్టుకుపోయాయి.

ఇక్కడ కూర్చుని ఆమె ప్రేమకథ రాయాలి.

పోయిన వారం వారపత్రిక ఎడిటరమ్మ ఫోన్ చేసింది. వయసులో చిన్నదే అయినా పని తెలిసిన మనిషి.

"అక్కా, మొహమాటం లేకుండా చెప్పనా?"

"మొహమాటం ఉన్నవాళ్ళు అలా అడగరులే. చెప్పు."

"మీ గత రెండు కథలకీ ఉత్తరాలొచ్చాయి. మీ మనుషులు ఒకళ్ళనొకళ్ళు ప్రేమించుకోరట. ఒకే ఇంట్లో ఉంటారంతేనట."

ఒకే ఇంట్లో ఉండటం తేలిక అనుకుంటున్నారు కాబోలు ఈ ఉత్తరాలు రాసేవాళ్ళు, అనుకుంది రచయిత్రి.

"సెలవుల ప్రత్యేక సంచిక వేస్తున్నాం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, సెలవుల్లో కలవాలి. ఇద్దరికీ లోపాలుండాలి. ప్రేమ వాళ్ళని దిద్దాలి. ఇప్పుడందరికీ లోపాలున్న మనుషులే కావాలక్కా. కానీ ముద్దొచ్చే లోపాలు."

"అంటే?"

"అంటే... మతిమరుపు, ముక్కు మీద కోపం, అలాంటివి." ఎడిటరమ్మ గొంతు తగ్గించింది. "ఇది కూడా తేలిపోతే మా యజమాని మీ కథల పేజీ ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడు. నేను ఇప్పటికి రెండుసార్లు అడ్డుపడ్డాను. మళ్ళీ నావల్ల కాదు. మీరు ఎక్కడికైనా వెళ్ళి రాయండి అక్కా. ఇంట్లో కూర్చుంటే కథకి వంటింటి వాసనొస్తుంది."

ఆ పేజీ పంతొమ్మిదేళ్ళుగా ఆమెది. ఇంట్లో ఆమెకంటూ ఒక గది లేదు, ఒక బల్ల లేదు, ఉన్నదల్లా ఆ పేజీ. అందుకని మొగుణ్ణి వెంటబెట్టుకుని సోమవారం ఈ లాడ్జిలో దిగింది. గురువారం సాయంత్రం నాలుగింటి బస్సులో కవరు వెళ్ళకపోతే సంచికకి అందదు.

మొగుణ్ణి ఎందుకు తెచ్చినట్టు అంటే, ఆయన లేకుండా ఆమె కథ ప్రెస్సు గుమ్మం తొక్కదు. ఆమె రాత కోడి కెలికినట్టు ఉంటుంది. మొట్టమొదటి కథని ప్రెస్సువాళ్ళు ఒక్క ముక్క అర్థం కాలేదని తిప్పి పంపారు. ఆయనేమో సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగి, అక్షరం పెడితే ముత్యం. ఆ రోజు, "ఇలా ఇవ్వు" అని తీసుకుని రాత్రికి రాత్రే సాపు రాసి పెట్టాడు. అప్పట్నుంచీ అన్నీ ఆయనే. ప్రెస్సువాళ్ళు ఆయన మొహం చూడకపోయినా ముత్యాల మాస్టారని పేరు పెట్టుకున్నారు. జీవితంలో ఎవరికీ ఒక్క పాఠం చెప్పనివాడికి మాస్టారన్న పేరు అలా స్థిరపడింది.

"చదివారా? ఎలా ఉంది?" అని మొదట్లో ఆమె అడిగేది.

"నేను చదవనోయ్. పటంలో ఏరు గీసేటప్పుడు నీళ్ళు తాగుతామా? అక్షరం చూస్తా, అక్షరం దింపుతా."

ఆ తర్వాత అడగడం మానేసింది.

సోమ, మంగళవారాలు కథ కదల్లేదు. అమ్మాయి దొరికింది. పెద్ద పెద్ద కళ్ళు, మతిమరుపు, గొడుగు మర్చిపోతుంది, చెప్పులు మర్చిపోతుంది. అబ్బాయే దొరకలేదు. కోపిష్టి అంది, కొట్టేసింది. గర్విష్ఠి అంది, కొట్టేసింది. రాసిన ప్రతి వాక్యం ఎవరో నమిలి ఊసిన చెరుకు పిప్పిలా ఉంది. బుధవారం పొద్దున టీ తాగుతూ తలెత్తి చూస్తే, ఎదురుగా మాస్టారు బిస్కట్టు టీలో ముంచుతున్నాడు. ముంచి, ఆలోచిస్తూ అలాగే పట్టుకున్నాడు. బిస్కట్టు తెగి గ్లాసులో పడింది. చూపుడువేలు గ్లాసులోకి దించి, అడుగుదాకా తిప్పి, మెత్తటి ముద్దని పైకి తీసి నోట్లో వేసుకుని, వేలు దుప్పటికి తుడుచుకున్నాడు.

ఆమె తన గ్లాసు పక్కకి తోసింది. ఆ వికారంలోనే చెయ్యి కలం మీదకి వెళ్ళింది.

అక్కణ్ణుంచి కథ ఆగలేదు. కథానాయకుడికి బిస్కట్టు వచ్చింది. పొద్దున్నే బాత్రూంలో పావుగంట సేపు ఖాండ్రించే గొంతు వచ్చింది. అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుని, పుల్ల కొసన ఏమొచ్చిందో చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకునే అలవాటు వచ్చింది. మడమ తోలు పీకి కిటికీ గట్టు మీద వరసగా పేర్చడం వచ్చింది. చాలా ఏళ్ళకి ఆమె కలం ఒళ్ళు మరిచి పరిగెత్తింది. రాస్తున్నంతసేపూ ఆయన రెండు బారల దూరంలోనే ఉన్నాడు. నమూనా ఎదురుగా కూర్చుని ఉంటే బొమ్మ ఎంత తేలికో అప్పుడే తెలిసింది ఆమెకి.

ముగింపు మాత్రం ఎడిటరమ్మ అడిగినట్టే రాసింది. అమ్మాయి ప్రేమకి అబ్బాయి కరిగి, అగ్గిపెట్టె సముద్రంలోకి విసిరేసి, నున్నటి మడమలతో ఇసకలో నడిచొచ్చాడు. అది రాస్తుంటే బిస్కట్టు దగ్గర వచ్చిన వికారం కంటే ఎక్కువ వికారం వచ్చింది. అయినా పేజీ ముఖ్యం.

గురువారం పొద్దున కట్ట ఆయన చేతికిచ్చాక గానీ, తను ఏం చేసిందో ఆమెకి తట్టలేదు. తట్టగానే, "చదవడుగా" అనుకుంది. ఇన్నేళ్ళూ చదవలేదు, ఇవాళ చదువుతాడా?

మాస్టారు వరండాలో బల్ల వేసుకుని, కాగితాలకి మార్జిను గీసుకుని మొదలుపెట్టాడు. ఆమె తలుపు పక్కన కుర్చీలో కూర్చుని పత్రిక తిరగేస్తున్నట్టు నటించింది. కలం చప్పుడు ఒకే తీరుగా సాగింది. గంట గడిచింది. కలం ఆగింది.

"ఏమోయ్."

"ఊఁ."

"ఇక్కడ చూడు. అగ్గిపుల్లతో కుట్టుకుని, పుల్ల కొసన ఏమొచ్చిందో చూసుకుని, 'మళ్ళీ' నోట్లో పెట్టుకున్నాడు. ఈ 'మళ్ళీ' కొట్టేశావా, ఉంచావా? గీత అడ్డంగా పడింది."

ఆమె చెవులు కాలిపోయాయి. "ఉంచండి."

"ఉంచమంటావు."

"ఉంచండి."

కలం మళ్ళీ నడిచింది. ఇంకో పావుగంటకి, "మడమ తోలు 'వరసగా' పేర్చాడు అన్నావు. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు అంటే ఇంకా సరిగ్గా ఉంటుందేమో?" అన్నాడు, తలెత్తకుండానే. ఆమె పత్రిక మొహానికి అడ్డం పెట్టుకుంది. "మీ ఇష్టం" అంది చివరికి. తన పటాల్లో చెరువు కొలతలు తేడా వస్తే ఆఫీసులో ఎలా అడుగుతాడో అదే గొంతుతో అడిగాడు. ఆయనకి తెలిసిందో తెలియలేదో ఆ వీపు చూసి చెప్పడం ఎవరి తరం కాదు.

రెండు దాటాక కట్ట గుండుసూదితో గుచ్చి మంచం మీద పెట్టి, "బస్సు సరిగ్గా నాలుగింటికేనో కాదో కనుక్కొస్తా" అని చెప్పులేసుకుని కిందికి వెళ్ళాడు.

ఆమె పేజీలు లెక్కపెట్టింది. ఆయన సాపు ఎప్పుడూ ఆమె చిత్తుకి ఒకటో రెండో పేజీలు తగ్గుతుంది. ఇది ఒక్క పేజీ కూడా తగ్గలేదు. మొదట్నుంచీ చూసుకుంటూ వచ్చింది. పదకొండో పేజీలో, గొడుగు మర్చిపోయిన చోటు దాటాక, ఆమె రాయని మాటలు కనిపించాయి. ముందూ వెనకా ఉన్న వాటి లాగే అవే ముత్యాలు, అదే సిరా, అదే మార్జిను.

"ఆమెలోనూ ఒక లోపం ఉంది. అది శుభ్రంలా ఉంటుంది కనుక ఎవరికీ కనిపించదు. అతను మాట్లాడుతుంటే ఆమె అతని కళ్ళలోకి చూడదు, నోటివైపు చూస్తుంది, పళ్ళ మధ్య ఏమైనా ఉందేమోనని. అతను తుడుచుకున్న తువ్వాలుని రెండు వేళ్ళతో ఎత్తుతుంది. అతను లేచిన చోట దుప్పటి దులుపుతుంది, అతను ఇంకా గది దాటకముందే దులుపుతుంది. ఏనాడూ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. అని ఉంటే మానేసేవాడో లేదో తెలియదు, కనీసం దెబ్బలాడేవాడు. ఆ చూపుకి జడిసి అతను మాట్లాడటం తగ్గించాడు. మాటలు తగ్గాక చేతులకి ఏదో పని కావలసివచ్చింది. మడమ దొరికింది."

మొదట ఆమెకి కోపం కూడా రాలేదు. అసహ్యం వేసింది. ఎవరో తన పళ్ళెంలో వేలు పెట్టి కలిపినట్టు. తన పేజీ అది, ఇల్లంతటిలో తనకున్న ఒకే ఒక్క చోటు, అక్కడ కూడా ఈయన వేలు! పేజీ చింపడానికి గుండుసూది లాగింది. లాగి, ఇంకోసారి చదివింది.

చదువుతుంటే లోపల ఉన్న పనిమంతురాలు మేలుకుంది. పంతొమ్మిదేళ్ళుగా వాక్యాలు చెక్కే మనిషి అది, దానికి మొహమాటాలు లేవు. ఈ కట్ట మొత్తం మీద బతికున్న పేరా ఇదొక్కటే అంది. "మడమ దొరికింది" అన్న రెండు మాటల దగ్గర ఆమెకి ఈర్ష్య పుట్టింది. ఆ వెనకాలే, మంచం మీంచి లేచిన మనిషి గుమ్మం దాటకముందే తన చెయ్యి దుప్పటి మీదికి వెళ్ళడం కళ్ళకి కట్టింది. ఇవాళ పొద్దున కూడా వెళ్ళింది. తన చెయ్యి తనకే ఆ సబ్బు మీది వెంట్రుకలా కనిపించింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మాస్టారు అరటిపండు తింటూ వచ్చాడు.

"బస్సు నాలుగింటికేనట. తాళాలావిడ చెప్పింది." తాళాలావిడ అంటే కింద బల్ల దగ్గర కూర్చుని గదుల తాళాలిచ్చే పెద్దావిడ. లాడ్జిలో బస్సు, ఫోను, వేణ్ణీళ్ళు, అన్నింటికీ ఆవిడే దిక్కు.

"ఇదేమిటి?" ఆమె పదకొండో పేజీ చూపించింది.

ఆయన పండు నములుతూ వంగి చూశాడు. "ఇద్దరికీ లోపాలుండాలని కదా ఎడిటరమ్మ అడిగింది? అబ్బాయికి బండెడు పెట్టావు. అమ్మాయికి ఏం పెట్టావు? పెద్ద కళ్ళు, గొడుగు మర్చిపోవడం. అవేం లోపాలోయ్? తూకం తప్పింది. సరిచేశా."

"చదవనన్నారు."

"అన్నాను."

"ఎప్పట్నుంచి చదువుతున్నారు?"

"మొదటి కథ నుంచీ." తొక్క కిటికీ గట్టు మీద పెట్టబోయి ఆగి, చెత్తబుట్టలో వేశాడు. "చదివానంటే బాగుందో లేదో చెప్పమంటావు. చెప్పేటప్పుడు నా నోటివైపు చూస్తావు. ఎందుకొచ్చిన గొడవ అని చదవననేశా. అన్నట్టు, నీ కథల్లో మొగుళ్ళందరూ ఒకటికి రెండుసార్లు పళ్ళు తోముకుంటారు. నేనది ఎన్నాళ్ళ క్రితమో గమనించా."

ఆమె కట్టలో చివరి పేజీలకి తిప్పింది.

"ఈ పేరా ఉంటే నా ముగింపు నిలబడదు" అంది.

"అయితే పేరా తీసెయ్. నీ కథ."

"తియ్యను. అది బాగుంది. ముగింపే చచ్చు." చివరి రెండు పేజీలూ చింపింది. నున్నటి మడమలు, ఇసక, సముద్రంలో అగ్గిపెట్టె, అన్నీ పోయాయి. టైము రెండున్నర అయింది. కొత్త కాగితం ముందుకి లాక్కుంది. "రండి. ఇలా కూర్చోండి. అతను ఏమంటాడో చెప్పండి."

"ఎవరు?"

"ఆ అబ్బాయి. చివరి రోజు. ఎదురుగా ఆమె కూర్చుని ఉంది. ఏమంటాడు?"

మాస్టారు ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. "అతనా... అతనేమంటాడు? పెద్దగా ఏమీ అనడు. అలవాటు తప్పిపోయింది కదా." ఆగాడు. "అడిగినందుకు సంతోషం అంటాడేమో."

"అబ్బ, అది సినిమా మాట. నిజంగా ఏమంటాడు?"

"నిజంగానా? పెళ్ళైన కొత్తలో ఒకసారి, నేను ఆఫీసులో జరిగిందేదో చెప్తున్నా. గొప్ప నవ్వొచ్చే సంగతి. సగంలో నువ్వు లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చావు. నా తుంపర పడింది కాబోలు. మళ్ళీ వచ్చి కూర్చుని, ఊఁ చెప్పండి అన్నావు. మిగతా సగం నాకు గుర్తు రాలేదు. ఇప్పటికీ రాలేదు." అబ్బాయి 'నేను' అయిపోయాడన్న సంగతి ఆయన చూసుకోలేదు. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. మాట మీద మాట, చేతులు ఒళ్ళో నుంచి లేచి గాల్లో తిరగడం మొదలుపెట్టాయి. అరటిపండు పీచొకటి కింది పళ్ళ సందున ఆడుతోంది. ఆమె చూపు అలవాటుగా అక్కడికే పోయింది. బలవంతాన పైకి ఎత్తి కళ్ళ దగ్గర నిలబెట్టింది. ఎడమ కంట్లో చిన్న ఎర్ర జీర ఉంది. అది ఎప్పట్నుంచి ఉందో ఆమెకి తెలియదు.

రాస్తూనే ఉంది. ఆయన ఊపులో ఉండగా ఒక తుంపర వచ్చి కాగితం మీద, సరిగ్గా ఆమె రాస్తున్న వరస మీద పడింది. సిరా పాకింది. ఆమె ఒళ్ళు జలదరించింది. కొంగు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తెచ్చుకుని, ఆ మరక పక్కనుంచి వాక్యం నడిపించుకుని పోయింది. గొప్పగా ఏమీ అనిపించలేదు. అసహ్యంగానే ఉంది. మరక అలాగే ఉంది, వాక్యం పూర్తయింది.

నాలుగుకి పది నిమిషాలుండగా చివరి చుక్క పెట్టింది.

"సాపు రాయడానికి టైము లేదు" అన్నాడాయన.

"ఇలాగే పోనివ్వండి."

"నీ రాత ఎవరూ చదవలేరోయ్."

"కష్టపడనీ."

ఇద్దరూ రొప్పుకుంటూ బస్సు దాకా పరిగెత్తారు. డ్రైవరు కవరు తీసుకుని సీటు వెనక దోపి, వాళ్ళ మొహాలు చూసి, "ఎవరికన్నా బాలేదా?" అని అడిగాడు.

శుక్రవారం పదకొండింటికి తాళాలావిడ కింది నుంచి కేకేసింది. "రాసే అమ్మగారూ! ఫోను!"

మాస్టారు కూడా వెంట దిగాడు. రిసీవరు మీద ఎవరి చెమటో తడి తడిగా ఉంది. ఆమె దాన్ని చెవికి అర అంగుళం దూరంలో పట్టుకుంది.

"అక్కా," అంది ఎడిటరమ్మ, "మొత్తం చదివా. ఆఖరి పేజీ మాత్రం మా ప్రెస్సులో ఐదుగురం కూర్చున్నా తేలలేదు. దాని మీద ఏదో ఒలికింది కూడా. చదివి వినిపించండి."

తాళాలావిడ వింటోంది. మాస్టారు వింటున్నాడు. రచయిత్రి చిత్తు కాగితం లేకుండా గుర్తున్నంత మేర చెప్పింది.

"చివరి రోజు అతను ఎదురుగా కూర్చుని రొట్టె తింటున్నాడు. మీసాల మీద రొట్టె పొడి ఉంది. ఆమె, 'మీసాల మీద పొడి ఉంది, చూడలేకపోతున్నా' అంది. 'ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?' అన్నాడు. 'చెప్తే నొచ్చుకుంటావని.' 'చెప్పకుండా చూశావు. అది ఇంకా నొప్పి.' అతను తుడుచుకున్నాడు. సగమే పోయింది. ఆమె మిగతా సగాన్ని చూస్తూనే తన రొట్టె తింది. రెండు ముద్దలు దిగాయి. మూడోది కష్టమైంది."

అటువైపు రాసుకుంటున్న కలం ఆగింది.

"అయిపోయిందా?" అంది ఎడిటరమ్మ.

"అయిపోయింది."

"ప్రేమ వాళ్ళని దిద్దలేదేం అక్కా?"

"దిద్దింది. అంతే దిద్దింది. అంతకంటే దిద్దితే నేను నమ్మను. నేను నమ్మనిది రాయను. పేజీ ఎవరికిస్తావో ఇచ్చుకో."

ఎడిటరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "నిన్న రాత్రి ఆ బిస్కట్టు చదివి నేను భోజనం చెయ్యలేదు, తెలుసా? మా ఆయన ఎదురుగా కూర్చుని తింటుంటే పదకొండో పేజీ గుర్తొచ్చి తల దించుకున్నా. వేస్తున్నా. యజమాని తిడితే పడతా. బొమ్మ మాత్రం సముద్రం వేయిస్తా అక్కా, మడమలు కాదు."

"సముద్రం కూడా ఏం బాగోలేదు ఇక్కడ" అని ఫోను పెట్టేసింది రచయిత్రి.

సంతోషంగా వెనక్కి తిరిగింది. మాస్టారు గోడకి జారగిలబడి, కళ్ళు సగం మూసుకుని, గది తాళంచెవి కొసని చెవిలో పెట్టి మెల్లగా తిప్పుకుంటున్నాడు. తీశాడు. వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు.

"ఛీ!" అంది ఆమె.

పైకే అంది. లాడ్జి హాలంతా వినిపించేలా అంది. తాళాలావిడ ఉలిక్కిపడింది. మాస్టారు తాళంచెవి జారవిడిచాడు.

"ఏంటి?"

"చెవిలో తాళంచెవి తిప్పుకోవడమేంటండీ, ఛీ! చూస్తుంటే డోకొస్తోంది!"

"మన గదిదేలే."

"మనదైతే మరీ డోకు! తలుపు నేను తియ్యాలా, మీరు తియ్యాలా దాంతో?"

"ఓహో, నువ్వు బాత్రూంలో సబ్బులు పారేస్తుంటే నేనేమైనా అన్నానా? నాలుగు రోజుల్లో మూడు సబ్బులు! ఆవిడనడుగు!"

"ఆ సబ్బు మీద వెంట్రుకుంది!"

"నీదే అది! పొడుగ్గా ఉంటే నాదెలా అవుతుంది?"

ఆమె చెయ్యి తన జడ మీదికి పోయింది. ఆయన వంగి తాళంచెవి తీసి, చొక్కాకి తుడవబోయి, ఆమె మొహం చూసి, కుళాయి దగ్గరికి నడిచి కడిగాడు. కడిగినంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. ఆమె వెనకాలే నిలబడి, అక్కడ కాదు, ఇక్కడ, తాళంచెవి పళ్ళ సందుల్లో అని చెప్తూనే ఉంది. మెట్లెక్కుతూ దెబ్బలాడుకున్నారు. గది తలుపు తెరుచుకున్నాక కూడా ఆ మాటలు కిందికి వినిపిస్తూనే ఉన్నాయి.